మజ్జిగ తోడూ, సెల్‌ఫోను పాటా

ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య నడిచే చేబదుళ్లలో రెండు రకాలున్నాయి. కాఫీపొడి, పంచదార, నాలుగు పచ్చిమిరపకాయలు మొదటి రకం. ఇచ్చినావిడ డబ్బాలో ఆ మేరకు తరుగు పడుతుంది. అందుకే పైకి ఎంత నవ్వుతూ ఇచ్చినా లోపల ఓ చిన్న లెక్క వుండనే వుంటుంది. రెండో రకం మజ్జిగ తోడు. ఓ చెంచాడు తోడు ఇచ్చినందువల్ల ఎవరి పెరుగూ తరిగిపోదు. పుచ్చుకున్నావిడ గిన్నెడు పాలు తెల్లారేసరికి గడ్డ పెరుగవుతాయి. ఆ మర్నాడు ఇచ్చినావిడ వంటింట్లో పిల్లి దూరి గిన్నె దొర్లించేసిందనుకోండి, పుచ్చుకున్నావిడ ఇంటినుంచే మళ్లీ తోడు తెచ్చుకోవచ్చు. అంటే, ఇవ్వడం వల్ల పోవడం మాట అటుంచి, ఇవ్వడమే రక్షణ అయి కూర్చుంది!

సెల్‌ఫోన్లు వచ్చాక మన ఇళ్లలో ఈ రెండో రకం చేబదులు ఒకటి కొత్తగా పుట్టింది.

"అక్కయ్యగారూ, మీ ఫోనులో లలితా సహస్రనామం వుందటగా, కాస్త నాకూ ఎక్కించరూ?"

"దానికేం భాగ్యం! ఇలా రా, నీ ఫోనులో బ్లూటూతు ఆన్ చెయ్యి."

పిట్టగోడకు అటూ ఇటూ నిలబడి కబుర్లు చెప్పుకుంటూండగానే పని అయిపోయేది. పాట అక్కయ్యగారి దగ్గరా వుంది, అడిగినావిడ దగ్గరా వుంది. ఇంకో గంటకు మూడో ఇంట్లోనూ మోగుతుంది. పైసా ఖర్చు లేదు.

దీనికి కంప్యూటరువాళ్లు పెట్టిన పేరు 'పీర్ టు పీర్'. పీరు అంటే సాటివారు, మనతో సమానులు. సాటివారి నుంచి సాటివారికి అన్నమాట. మామూలుగా మనం ఇంటర్నెట్టులో ఓ పాట వింటే, అది ఎక్కడో వున్న పెద్ద కంపెనీవారి కంప్యూటరు నుంచి వస్తుంది. దాన్ని సర్వరంటారు. అది కొట్టు, మనం ఆ కొట్టు ముందు నిలబడ్డ బేరగాళ్లం. కొట్టు తెరిస్తే సరుకు, కట్టేస్తే లేదు. సాటివారి పద్ధతిలో కొట్టంటూ వేరే వుండదు. ప్రతి ఇల్లూ ఒక కొట్టే, ప్రతి ఇల్లాలూ బేరగత్తే. ఈ చిన్న తేడాలో ఎంత కథ వుందో, అరచేతిలో ఇమిడే యంత్రాల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే, ఈ కథ సెల్‌ఫోనుతో మొదలవలేదు. లెక్కలు చేసే కాలిక్యులేటరుతో మొదలయింది. 1990లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 48ఎస్ఎక్స్ అని ఒక కాలిక్యులేటరు తెచ్చింది. ఇంజనీరింగు విద్యార్థులకు అదంటే మోజు. దాని నెత్తిన ఓ చిన్న కిటికీ వుండేది. అలాంటివి రెండు తెచ్చి, ముఖాముఖీ దగ్గరగా పెడితే, ఒకదానిలోని సూత్రాలూ ప్రోగ్రాములూ రెండోదానిలోకి వెళ్లిపోయేవి. మధ్య తీగ లేదు. మన టీవీ రిమోటులో వుండే, కంటికి కనపడని కాంతే ఆ పని చేసేది. దానికి ఇన్‌ఫ్రారెడ్ అని పేరు. పరీక్షహాల్లో పచార్లు చేసే పంతుళ్ల అవస్థ మీరే ఊహించుకోండి!

1993లో వేరువేరు కంపెనీలు కలిసి, ఈ కాంతి భాషకు ఒక వ్యాకరణం రాసుకోవడానికి ఐఆర్‌డీఏ అనే సంఘం పెట్టుకున్నాయి. అదే ఏడు ఆపిల్ కంపెనీ 'న్యూటన్' అనే చేతి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అందులోనూ ఈ కిటికీ వుండేది. ఆ యంత్రం ఎక్కువకాలం బతికి బట్టకట్టలేదు. తరవాత 1998లో వచ్చిన 'పామ్ త్రీ' అనే అరచేతి పుస్తకం మాత్రం ఆఫీసర్ల జేబుల్లో బాగా స్థిరపడింది. ఇద్దరు దొరలు కలిస్తే విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం ఆనవాయితీ కదా. వాళ్లు పామ్ యంత్రాలు తీసి, ఎదురెదురుగా పట్టుకుని, మీట నొక్కి కాసేపు ఆగేవారు. పేరూ చిరునామా అటునుంచి ఇటు వచ్చేసేవి. చూసేవాళ్లకు అదేదో చెకుముకి రాళ్లు రాపాడిస్తున్నట్టు వుండేది!

ఫోన్లకూ ఈ కన్ను అబ్బింది. 1997 చివర్లో నోకియావారు ప్రకటించిన 6110 ఫోనులో, మన పిల్లలంతా పిచ్చిగా ఆడిన పాము ఆట మొదటిసారి వచ్చింది. రెండు ఫోన్ల కన్నులు కలిపి, ఇద్దరు కలిసి ఆ ఆట ఆడుకోవచ్చు. ఒక చేతి ఫోను మరో చేతి ఫోనును పలకరించడం మామూలు జనం చూసింది అలా, ఆటతోనే.

కాని ఇన్‌ఫ్రారెడ్‌కు ఓపిక కావాలి. దూరం మీటరుకు మించకూడదు. రెండు కళ్లూ తిన్నగా ఎదురెదురుగా వుండాలి. మధ్యలో చెయ్యి అడ్డొచ్చినా తంతే. ఇక వేగం సంగతి. అప్పటి ఫోన్లలో అది సెకనుకు 115 కిలోబిట్ల చిల్లర. 5 మెగాబైట్ల పాట వెళ్లాలంటే, ఎంత సాఫీగా సాగినా ఆరు నిమిషాలు. అంతసేపూ రెండు ఫోన్లనూ బల్లమీద పెట్టి, పొత్తిళ్లలో పసిపాపల్ని కాపలా కాసినట్టు కాయాల్సిందే.

అసలు ఓ పాట 5 మెగాబైట్లలో ఇమడడమే ఒక అద్భుతం. సీడీలో వుండే పాట నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు తింటుంది. అయిదు నిమిషాల పాటంటే 50. దాన్ని అందులో పదోవంతుకు కుదించింది ఎంపీత్రీ అనే పద్ధతి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ అనే ఇంజనీరూ ఆయన తోటివారూ దీనిమీద ఏళ్ల తరబడి కష్టపడ్డారు. మన చెవికి ఎలాగూ ఆనని ధ్వనుల్ని తీసేసి, ఆనేవాటిని మాత్రం వుంచడం అందులోని కిటుకు. వాయిద్యాలు హోరెత్తే పాటలు చక్కగా కుదిరాయట గాని, ఏ వాయిద్యమూ లేకుండా ఒక ఆడమనిషి ఒంటరిగా పాడిన పాట దగ్గర పద్ధతి తడబడింది. సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని పాడిన 'టామ్స్ డైనర్' ఆ పాట. ఆ గొంతు గొంతులా వినపడేదాకా బ్రాండెన్‌బుర్గ్ దాన్ని మళ్లీ మళ్లీ పరీక్ష పెట్టుకున్నాడు. ఆడవాళ్ల గొంతు ఓ పట్టాన ఎవరి చట్రంలోనూ ఇమడదని మగవాళ్లకు యంత్రం ద్వారా తెలిసింది కాబోలు! 1995లో ఆ ఫైళ్లకు 'ఎంపీత్రీ' అనే తోకపేరు స్థిరపడింది.

ఇక బ్లూటూతు. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీ, తీగలు లేకుండా ఫోన్లకూ పరికరాలకూ లంకె వెయ్యాలని 1994లో పని మొదలుపెట్టింది. ఇది కాంతి కాదు, రేడియో తరంగం. కాబట్టి చూపులు కలవాల్సిన పనిలేదు. ఫోను కొంగు చాటున వున్నా, సంచిలో వున్నా అందుకుంటుంది. 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా అయిదూ కలిసి దీనికో సంఘం ఏర్పాటు చేశాయి. ఆ పేరు పెట్టాలని సూచించినవాడు ఇంటెల్‌లో పనిచేసిన జిమ్ కార్డాక్. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ అనే రాజుకు 'నీలిపన్ను' అని ముద్దుపేరు. చచ్చిన పన్ను ఒకటి నీలంగా కనపడేదని కథ. ఒకరితో ఒకరు పొసగని తెగల్ని కలిపి ఒక్కటి చేసినవాడని ఆయనకు కీర్తి. ఒకదానితో ఒకటి పొసగని యంత్రాల్ని కలుపుతుంది కనుక ఇదీ నీలిపన్నే అన్నారు. మీ ఫోనులో కనపడే ఆ వంకరటింకర గుర్తు, ఆ రాజుగారి పేరులోని రెండు అక్షరాల్ని పాతకాలపు లిపిలో రాసి కలిపినదే.

మొదటి తరం బ్లూటూతుతో 5 మెగాబైట్ల పాట ఒకటి రెండు నిమిషాల్లో వెళ్లేది. ఆరు నిమిషాల కాపలా తప్పింది. మరి జనం వూరుకుంటారా!

ఇది ఇలా వుండగా, పెద్ద కంప్యూటర్ల లోకంలో మరో కథ నడుస్తోంది. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు 'నాప్‌స్టర్' పెట్టాడు. నా కంప్యూటరులోని పాటలు మీరూ, మీ కంప్యూటరులోని పాటలు నేనూ తీసుకోవచ్చు. అయితే ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా మాత్రం నాప్‌స్టర్ దగ్గరే వుండేది. పాటల కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001లో నాప్‌స్టర్ మూతపడింది. జాబితా ఒకచోట వుండబట్టే తాళం వెయ్యడం సులువయింది.

అదే 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామరు 'బిట్‌టొరెంట్' అనే పద్ధతి బయటపెట్టాడు. దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఒక పెద్దావిడ దగ్గర నూరు పేజీల మంగళహారతుల నోటుపుస్తకం వుంది. పదిమంది అమ్మాయిలు దాన్ని రాసుకోవాలి. పుస్తకం ఒకరి తరవాత ఒకరికి ఇస్తే, పదోపిల్ల వంతు వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకని పెద్దావిడ కుట్టు విప్పి, తలో పది కాగితాలు పంచింది. ఎవరి కాగితాలు వాళ్లు రాసుకుంటూ, రాసుకున్నవి పక్కవాళ్లకు ఇస్తూ, పక్కవాళ్లవి తాము తీసుకుంటూ పోయారు. కాసేపటికి పెద్దావిడ పడుకుని నిద్రపోయినా పని ఆగదు. అడిగేవాళ్లు ఎక్కువైనకొద్దీ ఇచ్చేవాళ్లూ ఎక్కువవుతారు గనక పని ఇంకా జోరందుకుంటుంది. కొట్టులో అయితే జనం పెరిగితే క్యూ పెరుగుతుంది. ఇక్కడంతా తిరకాసు!

కోహెన్ ఇందులో మూడు నియమాలు పెట్టాడు. ఒకటి, అందరికంటే తక్కువమంది దగ్గర వున్న కాగితాన్ని ముందు రాసుకోవాలి, అది పోతే మళ్లీ దొరకదు గనక. రెండు, మనకు ఇస్తున్నవాళ్లకే మనం ముందుగా ఇవ్వాలి. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియనివాళ్లు వరసలో వెనక్కి పోతారు. మూడు, వచ్చిన ప్రతి కాగితానికీ ఒక గుర్తుసంఖ్య వుంటుంది, అది సరిపోలకపోతే ఆ కాగితాన్ని అవతల పారెయ్యాలి. పేరంటాల్లో తరతరాలుగా నడుస్తున్న మర్యాదలే ఇవన్నీ, కాదంటారా?

ఈ పెద్ద యంత్రాంగాన్ని చిన్న ఫోనులోకి దించాలని పట్టుబట్టినవాళ్లు హంగరీలో వున్నారు. బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కొందరు కలిసి, నోకియావంటి కంపెనీల సింబియన్ ఫోన్ల కోసం 'సిమెల్లా' అనే ప్రోగ్రాము చేశారు. తరవాత 2006లో 'సిమ్‌టొరెంట్' తెచ్చారు. దానితో అరచేతిలోని ఫోను కూడా బిట్‌టొరెంట్ గుంపులో అచ్చంగా ఒక సభ్యురాలైపోయింది. తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా! అప్పటి ఫోన్లలో జ్ఞాపకశక్తి గుప్పెడు, బ్యాటరీ చిటికెడు. ఇంటర్నెట్టుకు కిలోబైట్ల లెక్కన డబ్బు. ఇన్ని కష్టాలతో ఎంతమంది దాన్ని వాడి సుఖపడ్డారన్నది పక్కన పెడితే, చిన్నది గదా అని ఫోనును ఎప్పుడూ అడుక్కునే స్థానంలోనే కూర్చోబెట్టనక్కర్లేదని వాళ్లు చేసి చూపించారు.

మన ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో మాత్రం టొరెంటు గొడవ కాలేజీ కుర్రాళ్లదాకానే. ఇంటింటికీ చేరింది బ్లూటూతూ, వేలిగోరంత మెమొరీ కార్డూ. చిప్పు అంటే ఎవరికైనా అర్థమయ్యేది. బస్టాండు పక్కన, సంత వీధిలో సెల్ పాయింట్లు వెలిశాయి. ఓ కంప్యూటరు, ఓ కార్డు రీడరు, ఓ కుర్రాడు. "ఘంటసాలవి ఓ వంద, అన్నమాచార్య కీర్తనలు ఓ యాభై, పిల్లాడికేవో కొత్తవి" అని చెప్పి చిప్పు ఇస్తే, పది ఇరవై రూపాయలకు నింపి ఇచ్చేవాడు. అంతకుముందు ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి వారం తరవాత రమ్మనిపించుకున్న తరానికి ఇది స్వర్గమే. అలా చిప్పులోకి దిగిన పాట బ్లూటూతు రెక్కలు కట్టుకుని వీధంతా తిరిగొచ్చేది.

ఆడవాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన సుఖం వుండేది. ఎవరినీ అడగనక్కర్లేదు. ఫోనులో బ్యాలెన్సు వుందా లేదా అని చూసుకోనక్కర్లేదు. ఇంటర్నెట్టు ఎలా తెరవాలో అబ్బాయి చేత చెప్పించుకోనక్కర్లేదు. పత్తి చేలో పనిచేసుకునే పిల్ల దగ్గరనుంచి పట్నంలో మేడమీది అమ్మమ్మగారిదాకా తమకు నచ్చిన పాట తమ దగ్గర, తమ సొంతంగా వుంచుకోగలిగారు. సొంతం అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానికే వస్తాను.

అయితే తోడు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా గిన్నె శుభ్రంగా వుందా అని చూస్తాం కదా. 2004లో 'కాబిర్' అనే పురుగు బయటపడింది. ఫోన్ల మధ్య బ్లూటూతు ద్వారా పాకిన మొదటి పురుగుల్లో అదొకటి. పక్క ఫోనులో ఒక ఫైలై ప్రత్యక్షమై, "పుచ్చుకుంటావా?" అని అడిగేది. అవునని నొక్కితే ఇంట్లోకి వచ్చేసి, అక్కడినుంచి మరో ఫోను కోసం వెతికేది. బ్యాటరీ తాగెయ్యడం తప్ప పెద్ద నష్టం చెయ్యలేదు గాని, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చింది పుచ్చుకోరాదన్న పాత నీతి కొత్త యంత్రానికీ వర్తిస్తుందని చెప్పి పోయింది.

అంతకంటే పెద్ద ప్రమాదం పురుగులవల్ల కాదు, మనుషులవల్ల. పాట ఎంత సులువుగా పాకుతుందో, ఒక ఆడపిల్ల ఫొటో కూడా అంత సులువుగానే పాకుతుంది. నమ్మి పంపింది ఒకరికి, చేరేది వందమందికి. బాగుచేయమని ఇచ్చిన ఫోనులోంచి, పాటలు ఎక్కించమని ఇచ్చిన చిప్పులోంచి ఏవేం నకలు తీసుకుంటారో కనిపెట్టేదెలా? ఇవ్వడంవల్ల తరగని వస్తువుకు వున్న రెండో ముఖం ఇది: ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కూడా వుండదు. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రాన్ని తియ్యడం, పంచడం నేరమని సమాచార సాంకేతిక చట్టంలో 66ఇ అనే సెక్షను 2008 సవరణతో వచ్చింది. మూడేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా వెయ్యవచ్చు. తప్పు తీసినవాడిదీ పంచినవాడిదీ. చిత్రంలో వున్న పిల్లది కాదు. ఈ మాట ప్రతి ఇంట్లోనూ తల్లి తన కూతురికి చెప్పి తీరాలి, కొడుక్కి రెండుసార్లు చెప్పాలి.

మరి పాట రాసినాయన, స్వరం కట్టినాయన, పాడినావిడ సంగతేమిటి? వాళ్లకూ పొయ్యిలో పిల్లి లేవాలి కదా. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రాసినవారి జీవితకాలమూ, వారి తదనంతరం 60 ఏళ్లూ ఆ రచనకు హక్కు వుంటుంది. ఎన్నో ఏళ్లపాటు సినిమా పాట రాసినవారు ఒక్కసారి డబ్బు పుచ్చుకుని ఇంటికి వెళ్లడమే రివాజు. 2012లో చట్టాన్ని సవరించి, రచయితకూ సంగీతకర్తకూ రాయల్టీలో వాటా వదులుకోరాని హక్కు అన్నారు. కాబట్టి తోడుతో పోలిక ఎంత ముచ్చటగా వున్నా ఒకచోట ఆగాలి. తోడు ఎవరి చెమటా కాదు, పాట మాత్రం ఒకరి కష్టఫలం. సెల్ పాయింటు కుర్రాడు తీసుకున్న పది రూపాయల్లో వాళ్లకు దమ్మిడీ అయినా వెళ్లలేదు.

కంపెనీలు ఈ చిక్కు విప్పుదామని చూడకపోలేదు. 2006లో మైక్రోసాఫ్ట్ 'జూన్' అనే పాటల పెట్టె తెచ్చింది. ఒక జూన్ నుంచి పక్కనున్న జూన్‌కు పాట పంపవచ్చు. కాని పుచ్చుకున్నవాళ్లు దాన్ని మూడుసార్లే వినాలి, అదీ మూడురోజుల్లోగా. ఆ తరవాత తాళం పడుతుంది. వెన్నతీసి, నీళ్లుపోసి, గడువు చెప్పి ఇచ్చిన మజ్జిగను ఎవరు మెచ్చుకుంటారు? మూడురోజుల గడువును మరుసటి ఏడు ఎత్తేశారు. తరవాత కొన్నాళ్లకు జూనే లేకుండా పోయింది.

స్మార్టుఫోన్లు వచ్చాక బ్లూటూతు కూడా నత్తనడకగా తోచింది. 700 మెగాబైట్ల సినిమాకు ముప్పావుగంట పడితే ఎవరికి ఓపిక? అప్పుడొచ్చాయి షేర్‌ఇట్, జెండర్‌లాంటివి. ఇందులో ఒక ఫోను తనచుట్టూ ఓ చిన్న వైఫై పందిరి వేస్తుంది, రెండో ఫోను అందులోకి వస్తుంది, సినిమా అయిదారు నిమిషాల్లో చేతులు మారుతుంది. ఇంటర్నెట్టుతో పనే లేదు. రైలు పెట్టెలో, హాస్టలు గదిలో, పెళ్లివారి విడిదిలో ఎక్కడ చూసినా ఇదే. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 చైనా సంబంధమున్న యాప్‌లను నిషేధించినప్పుడు ఈ రెండూ ఆ జాబితాలో వున్నాయి. ఆపిల్‌వారి ఎయిర్‌డ్రాప్, గూగుల్‌వారు 2020లోనే తెచ్చిన నియర్‌బై షేర్ ఆ పని చేస్తూ వచ్చాయి. నియర్‌బై షేర్ 2024 నుంచి క్విక్ షేర్ పేరుతో నడుస్తోంది.

కొట్టు లేని వ్యాపారం విలువ తెలియాలంటే కొట్టే లేనిచోట చూడాలి. క్యూబాలో 2018 డిసెంబరుదాకా మామూలు జనం ఫోన్లలోకి మొబైల్ డేటా రాలేదు. అక్కడివాళ్లు జాప్యా అనే యాప్‌తో ఫోను నుంచి ఫోనుకు పాటలూ సినిమాలూ పంచుకునేవారు. అంతకంటే పెద్ద సరంజామా 'వారపు మూట' పేరుతో హార్డుడిస్కుల్లో ఇంటింటికీ తిరిగేది. హాంగ్‌కాంగ్‌లో 2014లో వీధుల్లోకొచ్చిన జనం, ఫోను నుంచి ఫోనుకు మాట చేరవేసే ఫైర్‌చాట్ వాడారు. 2019లో ఎయిర్‌డ్రాప్‌తో కరపత్రాలు పంచారు. 2022 నవంబరులో ఆపిల్ కంపెనీ చైనాలో ఎయిర్‌డ్రాప్‌ను 'అందరికీ' అని తెరిచి వుంచే సమయాన్ని పది నిమిషాలకు కుదించింది. తరవాత మిగతా దేశాల్లోనూ అదే పద్ధతి పెట్టింది. పక్కవాళ్లతో ఇచ్చిపుచ్చుకునే పనికి కూడా ఎక్కడో ఒకరు గడియారం పట్టుకుని కూర్చోగలరని దీనివల్ల అర్థమవుతోంది.

మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. ఆ తరవాత పాట అడిగితే "యూట్యూబులో వుందిగా, విను" అనడమే. చిప్పులు సొరుగుల్లోకి వెళ్లాయి. సుఖమే, కాదనను. కాని ఇందాకటి 'సొంతం' మాట ఏమయింది? పాటల యాప్‌లో మీరు దాచుకున్నారనుకున్న పాట మీ దగ్గర లేదు, కొట్టులో వుంది. కొట్టుకూ పాట యజమానికీ మధ్య ఒప్పందం చెడితే, ఒక ఉదయాన ఆ పాట కనపడదు. చందా కట్టడం మానేస్తే దాచుకున్న వంద పాటలూ మాయం. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేం. అద్దింటి గోడకు మేకు కొట్టుకున్నంత సొంతం అది.

ఇలాంటి చోట మన పాత చరిత్ర ఒకటి చెప్పుకోవాలి. వేమన పద్యాలు ఇవాళ మన పిల్లల నోట వున్నాయంటే, అచ్చుయంత్రం లేని రోజుల్లో తాటాకులమీద ఎవరికివారు రాసుకుని దాచుకోవడంవల్లనే. ఒక్క గ్రంథాలయంలో ఒక్క ప్రతి వుండి వుంటే, చెదపురుగు ఒక్క వానాకాలంలో పని ముగించేది. సి.పి. బ్రౌన్ కడపలో వుండగా సొంత ఖర్చుతో పండితుల్నీ రాయసగాళ్లనూ పెట్టి, ఊరూరా దొరికిన ప్రతుల్ని తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ప్రతికీ ప్రతికీ తేడాలుండేవి, రాసే చెయ్యి తడబడుతుంది గనక. ఈనాటి ఫైలుకు ఆ ఇబ్బంది లేదు, వెయ్యో నకలు కూడా అచ్చు మొదటిదానిలాగే వుంటుంది. నకలు తీసుకునే ఓపికా, దాచుకునే శ్రద్ధా మాత్రం ఆనాటివాళ్ల దగ్గర మెండుగా వుండేవి, మనకు తగ్గాయి.

సినిమా పాటలకేం, వాటిని కాపాడుకునే నాథులున్నారు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు జనం నోటి పాటల్ని వెతికి వెతికి పోగుచెయ్యబట్టి కొన్ని పుస్తకాల్లోకైనా ఎక్కాయి. మీ అత్తగారు పాడే అప్పగింతల పాట, మీ అమ్మగారి లాలిపాట, మేనత్త నోట తప్ప ఇంకెక్కడా వినని మేలుకొలుపు ఏ కంపెనీ సర్వరులోనూ లేవు. ఎవరూ వెతుక్కుంటూ రారు. వాటిమీద మరెవరి రాయల్టీ చిక్కూ లేదు. చట్టమూ, సాటివారి ధర్మమూ చెయ్యి కలిపి 'కానివ్వండి' అనే చోటు ఇదే.

కనక ఈ ఆదివారం మధ్యాహ్నం ఓ అరగంట కేటాయించండి. ఫోనులో రికార్డరు నొక్కి, ఆ పెద్దావిడ చేత ఓ పాట పాడించండి. "ఈ వయసులో నా గొంతేమిటే" అంటారు, పట్టించుకోకండి. కోహెన్ మొదటి నియమం గుర్తుంది కదా, తక్కువమంది దగ్గరున్నదాన్ని ముందు రాసుకోవాలి. పాడినావిడ సరేనన్నాక, ఆ ఫైలుకు ఆవిడ పేరూ, ఊరూ, తేదీ పెట్టి, ఆడపడుచుకొకటి, చెల్లెలికొకటి, అమెరికాలో వున్న అమ్మాయికొకటి పంపండి. ఒక ఫోను నూతిలో పడినా, ఒకటి దొంగ ఎత్తుకుపోయినా, ఒకటి పిల్లాడు నేలకేసి కొట్టినా నాలుగోచోట ఆ గొంతు బతికే వుంటుంది. పెళ్లినాటికి పాట అవసరం పడితే, పెద్దావిడ లేకపోయినా, వియ్యాలవారి ముందు మనం తెల్లమొహం వెయ్యనక్కర్లేదు.